బెల్లం అగ్గువకు దొరికే దుకానం

రిటైర్ అయినంక నా ఇంటికి వచ్చే కొత్త టీచర్లు అందరు ఒకటే అడుగుతరు. "మేడం, మా పిల్లలకు కూడికలు వస్తయి, గుణకారాలు వస్తయి. రాత లెక్క ఇస్తే మాత్రం నోరు తెరిచి చూస్తరు. ఎందుకట్ల?" అని. నేను ముందుగాల చాయ్ పోస్త. తర్వాత నేనే ఒకటి అడుగుత. "నువ్వు అంగడికి పోయి కూరగాయలు కొని ఎన్ని దినాలైంది?" సగం మంది దగ్గర జవాబు ఉండది. ఫోన్ల నొక్కితే ఇంటికే వస్తయట. ఇగ వీండ్లు ధరలు పోల్చుడు పిల్లలకు ఏం నేర్పుతరు, నా తలకాయ!

నేను లెక్కల టీచర్ని. నిజామాబాద్ టౌన్ల పుట్టి పెరిగిన. చందూర్ల మొదలుపెట్టి, ఎడపల్లిల చేసి, ఆఖరుకు బోధన్ల ఆడపిల్లల బడిల రిటైర్ అయిన. ప్రమోషన్ల ముచ్చట, బదిలీల ముచ్చట నేను రాయను. అవి అందరికి ఒక్క తీరుగనే ఉంటయి, చదివితే నిద్రొస్తది. నేను రాసేది ఒక్క పాఠం గురించే. రెండు ప్యాకెట్లు, రెండు రేట్లు, ఏది అగ్గువ, ఏది పిరం? పుస్తకంల రెండు పేజీలుంటది గంతే. చానమంది టీచర్లు గా రెండు పేజీలు ఒక్క పీరియడ్ల ఊదేసి భిన్నాలకు పోతరు. నేను మాత్రం గా రెండు పేజీలల్లనే ఉండిపోయిన, ఉండిపోయినందుకు సంతోషపడుతున్న కూడా.

అంకెల మీద వేలు

చందూర్ల కొత్తగ చేరినప్పుడు నేను బోర్డు మీద ఒక లెక్క రాసిన. రెండు వందల యాభై గ్రాముల చాయపత్త నూట ముప్పై రూపాయలు, వంద గ్రాముల చాయపత్త యాభై ఐదు రూపాయలు, ఏది అగ్గువ అని. పిల్లలు టకటక పలకల మీద రాసుడు షురూ చేసిండ్రు. ఒకడు నాలుగు అంకెలు కూడిండు. ఒకడు పెద్దదాంట్లకెల్లి చిన్నది తీసేసిండు. ఒక పిల్లైతే గ్రాములను రూపాయలతోని గుణించి, వచ్చిన అంకె చూసి తనే భయపడి తుడిచేసింది. నేను అరిచిన. ఎంత అరిస్తే అంత గాబరా పడ్డరు.

గా వారంలనే తనిఖీకి ఒక ఆఫీసర్ వచ్చిండు. పెద్దాయన, మెల్లగ మాట్లాడుతడు. వచ్చిన ఆఫీసర్లందరు బోర్డు దగ్గర నిలబడితే గీన ఎనక బెంచీల పిల్లల నడుమ కూసున్నడు. పక్కన పిల్లగాన్ని అడిగిండు. "బిడ్డా, గీ లెక్కల ఏం కొంటున్నరు?" పిల్లగాడు లేచి నిలబడి గట్టిగ చెప్పిండు. "రెండు వందల యాభై సార్!"

క్లాసంత నవ్వింది. నేను కూడ నవ్విన. ఆయన నవ్వలే. పోయేటప్పుడు వరండల ఆగి, "అమ్మా, మీ పిల్లలకు అంకెలు కనపడుతున్నయి, చాయపత్త కనపడుతలేదు" అన్నడు. నాకు ఎక్కడ కాలాల్నో గక్కడ కాలింది. చాయపత్త కనపడుడేంది, నేనేమన్న కిరాణం నడుపుతున్ననా అని ఇంటికి పోయేదాక గొణుక్కున్న. తెల్లారి పొద్దుగాల చాయ్ పెట్టుకుంటుంటే తెలిసింది, ఆయన నూటికి నూరు పాళ్ళు నిజం చెప్పిండని.

గా దినమే నేను ఒక పద్ధతి పెట్టిన, రిటైర్ అయ్యేదాక విడువలే. లెక్క చదివేటప్పుడు అంకెల మీద వేలు పెట్టి మూసెయ్యాలె. అంకెలు లేకుండ ముచ్చట చెప్పాలె. "ఒక దుకానంల చాయపత్త పెద్ద ప్యాకెట్ ఉన్నది టీచర్, చిన్న ప్యాకెట్ ఉన్నది. రెండు రేట్లు చెప్పిండు. ఏది తీసుకుంటే మేలని అడుగుతుండు." గిట్ల నోటితోని చెప్పినంకనే వేలు తియ్యాలె. వేలు తీసినంక రెండింటినీ ఒక్క కొలతకు తేవాలె. వందకు వంద. పెద్ద ప్యాకెట్ల వంద గ్రాములు యాభై రెండు రూపాయలు పడ్తది, చిన్నది యాభై ఐదు పడ్తది. పెద్దదే అగ్గువ. అయిపాయె!

చందూర్ల నాకు దొరికిన హెడ్మాష్టర్ ఇంకో రకం మనిషి. మంచోడే గాని పుస్తకంల ఉన్న మాట దాటితే ఆయనకు నిద్ర పట్టది. "మేడం, పుస్తకంల చౌక అని ఉంటే మీరు అగ్గువ అంటున్నరు. ఖరీదైనది అని ఉంటే పిరం అంటున్నరు. ఇది బడి" అన్నడు ఒకసారి. "సార్, మీ ఇంట్ల మేడం టమాటలు కొనేటప్పుడు చౌకగ ఇయ్యమంటదా, అగ్గువకు ఇయ్యమంటదా?" అని అడిగిన. జర సేపు ఆలోచన చేసి, "ఆమె అసలు అడగది, గుంజుకుంటది" అన్నడు. ఇద్దరం పడిపడి నవ్వినం. గప్పటికెల్లి ఆయన నా క్లాసు దిక్కు రాలే. మా బడికి చుట్టుపక్కల క్యాంపులకెల్లి కూడ పిల్లలు వస్తుండె, వాండ్ల తాతలు కోస్తా దిక్కుకెల్లి కాలువ భూములకు వచ్చినోళ్ళు. వాండ్లు చవక అంటరు. మావోళ్ళు అగ్గువ అంటరు. నేను రెండూ బోర్డు మీద రాసి పక్కకు పుస్తకం మాట రాసేదాన్ని. పిల్లకు లెక్క ముందుగాల తన ఇంటి మాటల అర్థం కావాలె, గది నా తీర్మానం. పరీక్ష మాట తర్వాత నేర్సుకుంటది.

పావు పదిహేను

ఎడపల్లిల నేర్సుకున్నది ఇంకోటి. మన దిక్కు కూరగాయలమ్మేటోళ్ళు రేటు పావుకిలోకే చెప్తరు. "పావు పదిహేను, పావు పదిహేను" అని ఒర్రుతరు. కిలోకు అడిగితే జర తగ్గిస్తరు. నేను గదే లెక్క ఇచ్చిన. వంకాయలు పావు పదిహేను, కిలో యాభై ఐదు. ఏది అగ్గువ?

క్లాసుల సగం మంది పావే అగ్గువ అన్నరు. ఎందుకురా అంటే, "యాభై ఐదు కంటె పదిహేను చిన్నది గదా టీచర్!" నేను మొదలు తల పట్టుకున్న. గాని నింపాదిగ చూస్తే వాండ్ల తెలివికి ఏం లోపం లేదు. ఇంట్లకెల్లి అవ్వ పదిహేను రూపాయలు ఇచ్చి పంపుతది, పావు వంకాయలు తేవాలె, సాయంత్రం కూర కావాలె. వాండ్లకు అగ్గువ అంటే చేతిలకెల్లి తక్కువ పోవుడు. పుస్తకానికి అగ్గువ అంటే కొలతకు తక్కువ పడుడు. ఈ రెండు వేరువేరు ప్రశ్నలు. పిల్ల ఒకదానికి జవాబు చెప్తుంటే మనం ఇంకోదానికి మార్కులు కోస్తం.

అందుకనే నేను బోర్డును నడుమకు గీత కొట్టి రెండు చేసేదాన్ని. ఇటు దిక్కు "చేతిలకెల్లి ఎంత పోయింది?" అటు దిక్కు "ఒక్క కిలోకు ఎంత పడ్డది?" నాలుగు పావులు అంటే అరవై, కిలో అంటే యాభై ఐదు. ఇటు పావు గెలిచింది, అటు కిలో గెలిచింది. పిల్లలు చూసి, "మరి పరీక్షల ఏ దిక్కు అడుగుతరు టీచర్?" అంటరు. అటు దిక్కే అడుగుతరు బిడ్డా, గది గుర్తు పెట్టుకోండ్రి అని చెప్పేదాన్ని. కొత్త టీచర్లకు గిదే చెప్తున్న. పిల్ల జవాబు తప్పంటే ముందుగాల అది ఏ ప్రశ్నకు ఒప్పో వెతుకుండ్రి. వెతికితే దొరుకుతది. నాకు దొరకకపోవుడు చాన తక్కువ.

గల్లీకి ఒక దుకానం పిల్ల

ఇగ రజిత ముచ్చట. నేను ఇదంత రాస్తున్నది గా పిల్ల కోసమే.

బోధన్ల మా బడి చుట్టూరా బీడీలు చేసేటోళ్ళ ఇండ్లే. ఊర్ల చక్కెర ఫ్యాక్టరీ బంద్ అయినంక చాన ఇండ్లల్ల ఆడోళ్ళ చాట మీదనే పొయ్యి అంటుకుంటుంది. చాట అంటే తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టే చాట. ఒళ్ళ పెట్టుకొని కూసుంటే లేవరు. లేస్తే చేతి ఊపు పోతది, ఆకు ఆరిపోతది. అందుకని ప్రతి గల్లీల ఒక చురుకైన పిల్లను పట్టుకుంటరు. అందరి ఇండ్లకు దుకానం పని గా పిల్లే చేస్తది. ఒక ఇంటికి మంచినూనె, ఒక ఇంటికి సబ్బు, ఇంకో ఇంటికి పావు చక్కెర. ఏ ఇంటిదీ రాసుకోదు, తప్పు పోదు. వాండ్ల గల్లీల గా పిల్ల రజిత. ఎనిమిదో తరగతి.

గా పిల్లను కన్న అవ్వ గంగమణి బీడీలు చేస్తది. బాపు లారీ మీద పోతడు, ఎప్పుడో ఒకసారి వస్తడు. ఒక చిన్న తమ్ముడు. గంగమణి ఒక దినం బడికి వచ్చి నా ముంగట నిలబడి చెప్పింది. "టీచర్, ఎనిమిది అయిపోతే సాలు. ఇగ ఇంట్ల కూసోవెడ్త. నాకు ఒక్కదానికి చేతులు పడిపోతున్నయి."

గా యేడు గురుకులంల తొమ్మిదో తరగతికి కొన్ని సీట్లు ఖాళీ ఉన్నయి, పరీక్ష పెడుతున్నరు. తిండి, బట్టలు, పుస్తకాలు అన్ని వాండ్లే ఇస్తరు. నేను గంగమణిని అడిగిన. "సీటొస్తే పంపుతవా?"

"వస్తే పంపుత" అన్నది. ఎంత అల్కగ అన్నదంటే నాకు అప్పుడే అనుమానం రావాలె. రాలే. నేను సంబరపడ్డ. రజిత కూడికలు, గుణకారాలు మంచినీళ్ళ తీరుగ చేస్తది. సీటు ఎటు పోతదిలే అనుకున్న.

పాత పరీక్ష పేపర్లు తెచ్చి చేయించుడు షురూ చేసిన. రజిత అన్నీ చేసింది. ధరల లెక్కలు వచ్చేసరికి మాత్రం ఆగం ఆగం. ఒక పేపర్ల గిట్ల ఉన్నది: చక్కెర కిలో నలభై రూపాయలు, బెల్లం కిలో ముప్పై రెండు రూపాయలు. మూడు కిలోల చక్కెర బదులు మూడు కిలోల బెల్లం కొంటే ఎంత మిగులుతుంది? ఇరవై నాలుగు మిగులుతది, కండ్లు మూసుకొని చెయ్యొచ్చు. రజిత ఏం రాసిందో చూడుండ్రి. "ఏం మిగలదు. ఇంకా పైకెల్లి పెట్టాలె."

"ఏందే ఇది?" అన్న.

"బెల్లం చక్కెర కంటె పిరం టీచర్. ఏ దుకానంల అడిగినా గంతే. ముప్పై రెండుకు బెల్లం ఎవడిస్తడు? ఇచ్చినా అది మంచిది కాదు, ఇసుక ఉంటది."

చెరుకు పండే ఊర్ల పుట్టిన పిల్లకు బెల్లం రేటు చెప్పే మొగోడెవడు? ఇంకో లెక్క ఇచ్చిన. ఐదు సబ్బుల ప్యాకెట్ నూట యాభై, ఒక్క సబ్బు ముప్పై రెండు, ఏది కొనుడు లాభం? "ఒక్కటే కొనాలె" అని రాసింది. ఎందుకంటే, "ఐదు సబ్బులు ఇంట్ల ఉంటే తమ్ముడు రుద్దుతనే ఉంటడు టీచర్, నురుగు కొరకు."

"నీ తమ్మున్ని ఇంట్ల పెట్టి రావే పరీక్షకు!" అన్న. నవ్వింది. నవ్వి, మల్ల గదే రాసింది.

మంజీర అవుతల

నేను కోపం చేసిన, బతిమాలిన. ప్రశ్నల ఏ రేటుంటే గదే రేటు అని బల్ల గుద్ది చెప్పిన. తల ఊపేది. పెన్ను పట్టుకోంగనే అంగడి రేట్లు వచ్చి కూసునేవి. ఆమెకు ప్రశ్నల రేటు అబద్ధం తీరుగ కనపడుతది. అబద్ధం మీద లెక్క చెయ్యబుద్ధి కాదు. మిగతా పిల్లలకు చాయపత్త కనపడక తప్పు పోయింది, ఈ పిల్లకు బెల్లం మరీ ఎక్కువ కనపడి తప్పు పోతుంది. నా నౌకరిల గిట్లాంటి తప్పు ఇంకో పిల్ల చెయ్యంగ నేను చూడలే. పరీక్ష దగ్గర పడుతుంది. గా లెక్కలు పోతే సీటు పోతది, సీటు పోతే పిల్ల చాట ముందల కూసుంటది.

తొవ్వ దొరికింది కూడ ఆమె నోట్లకెల్లే. ఒక సోమవారం బడికి వచ్చి చెప్తుంది. "టీచర్, నిన్న అవ్వతోని మా చిన్నమ్మ ఇంటికి పోయినం, మంజీర అవుతల. అక్కడ ఉల్లిగడ్డ మన దగ్గరి కంటె చాన అగ్గువ. మంచినూనె మాత్రం పిరం."

మా దిక్కు మంజీర నది దాటితే మహారాష్ట్ర. అక్కడి మాట వేరు, రేటు వేరు. బోధన్ అంగట్ల అటుదిక్కోళ్ళు వచ్చి మరాఠిల బేరం చేస్తనే ఉంటరు. నాకు టక్కున తోచింది.

"మరి నువ్వు గా దుకానపాయనతోని కొట్లాడినవా? మా బోధన్ల గింత లేదు, నీది అబద్ధం అని?"

"ఎందుకు కొట్లాడుత టీచర్? వాండ్ల ఊరు, వాండ్ల రేటు."

"శెభాష్! ఇగ చూడు. ప్రశ్న అంటే మంజీర అవుతలి దుకానం. నువ్వు దాటి పోయినవ్. ఆయన ఏ రేటు చెప్తే గదే రేటు. బెల్లం ముప్పై రెండు అన్నడా? అన్నడు. మంచిదా, ఇసుక ఉన్నదా నీకెందుకు? నీ తమ్ముడు కూడ యీ ఒడ్డుకే ఉన్నడు. లెక్క చేసి, జవాబు రాసి, మల్ల యీ ఒడ్డుకు రా."

పిల్ల నన్ను చూసింది, పేపర్ను చూసింది. బెల్లం లెక్క మల్ల చేసింది. ఇరవై నాలుగు. సబ్బుల లెక్క చేసింది. ఒక్కోటి ముప్పై పడ్తది, ప్యాకెట్టే లాభం. గంతే! ఆమె తప్పు చేస్తుంటే "ఏ ఒడ్డుకున్నవే?" అంటే సాలు, చెయ్యి దానంతట అదే సరయ్యేది.

పరీక్ష దినం నేను గేటు బయట చెట్టు నీడకు నిలబడ్డ. బయటికి వచ్చుడు వచ్చుడే అడిగిన. "ధరల లెక్క వచ్చిందా?"

"వచ్చింది టీచర్. గా దుకానపోడు పిచ్చోడు. కిలో నెయ్యి మూడు వందలకే ఇస్తుండు."

"నువ్వేం రాసినవే?"

"వాడు చెప్పిందే రాసిన. నష్టపోతే వాడే పోతడు, మనకేంది?"

నేను రోడ్డు మీద, జనం నడుమల, ఆ పిల్లను దగ్గరికి గుంజుకున్న. సీటు వచ్చింది. రాకపోవుడేంది, జిల్లాల మంచి మార్కులు.

గంగమణి లెక్క

సీటొచ్చిన కబురు తీసుకొని నేనే వాండ్ల ఇంటికి పోయిన. గంగమణి వాకిట్ల కూసున్నది, ఒళ్ళ చాట. మాట్లాడుతనే ఉంటది, చెయ్యి ఆగది. రజిత దర్వాజ పట్టుకొని నిలబడ్డది.

"సంబరమే టీచర్" అన్నది గంగమణి. "గాని పంప."

"మాటిచ్చినవ్ గదా!"

"ఇచ్చిన. రాదనుకొని ఇచ్చిన."

గంత సాఫుగ చెప్తే ఏం కొట్లాడుతం? అయినా నేను షురూ చేసిన. పిల్ల తెలివి, పిల్ల బతుకు, ముందుముందు నౌకరి అని నాకు వచ్చిన మాటలన్ని అన్న. ఆమె చాటను జర పక్కకు జరిపింది.

"టీచర్, మీరు లెక్కల టీచర్. నేనొక లెక్క చెప్త, యినుండ్రి. ఇద్దరం కూసుంటే దినానికి వెయ్యి బీడీలు దిగుతయి. నేనొక్కదాన్ని అయితే ఆరు వందలు, అవి గూడ చెయ్యి నొయ్యకుంటే. దుకానం పని, నీళ్ళ పని, చిన్నోని పని పిల్ల చేస్తది, అదంత నా మీద పడితే ఇంకో నూరు పోతయి. అక్కడ హాస్టల్ల తిండి పెడ్తరు, ఒప్పుకుంట. పిల్ల తినే తిండి ఖర్చు తీసేసిన. బట్టల ఖర్చు తీసేసిన. తీసేసినా నాకు నష్టమే. దీంట్ల తప్పుంటే చెప్పుండ్రి. తప్పుంటే రేపే పంపుత, దండం పెట్టి పంపుత."

నేను మనసుల లెక్క చేసిన. వెయ్యికి ఎంత కూలి వస్తదో నాకు ఎరుకే, గా గల్లీల అందరికి ఎరుకే. తిండిది తీసిన, బట్టలది తీసిన. కుడికెల్లి చేసిన, ఎడమకెల్లి చేసిన. ఎటు చేసినా ఆమె చెప్పిందే వస్తుంది. పిల్ల ఇంట్ల ఉంటేనే అగ్గువ.

"పదేండ్లయినంక నౌకరి వస్తది గదా, అది కలుపు" అన్న.

"గా రేటు ఎంత టీచర్? చెప్పుండ్రి, కలుపుత. తెల్వని రేటు ఎట్ల కలపాలె?"

పిల్లలతోని పని చేయించొద్దనే చట్టం ముచ్చట తీసి భయపెట్టొచ్చు. కొందరు టీచర్లు చేస్తరు కూడ. భయపెట్టి పంపిన పిల్ల దసరాకు ఇంటికి వచ్చి మల్ల పోదు, నేను కండ్లార చూసిన. ఇంకొక తొవ్వ ఉన్నది. "తప్పున్నది గంగమణీ, నువ్వు ఫలానాది మరిచిపోయినవ్" అని ఒక అంకె కలిపేస్తే అయిపోతది. ఆమె నమ్ముతది. లెక్కల టీచర్ చెప్పినంక నమ్మకపోతదా? గా ఒక్క అబద్ధానికి పిల్ల రేపే గురుకులంల ఉంటది.

దర్వాజ దగ్గర రజిత నన్నే చూస్తుంది. గా లెక్క ఆమె కూడ చేసే ఉంటది. నాకంటె ముందే చేసి ఉంటది. తప్పు లెక్కను ఆ పిల్ల ముందర ఒప్పని ఎట్ల అనాలె?

"నీ లెక్క సరిగ్గనే ఉన్నది" అన్న.

గంగమణి నన్ను గట్టిగ చూసింది. మల్ల చాట ముందలికి గుంజుకున్నది. రజిత లోపలికి పోయింది. నేను చెప్పులేసుకొని గల్లీ దాటినంక ఏడ్చిన. ఎందుకు దాచాలె, కండ్లు తుడుసుకుంట ఏడ్చిన. ఒక అబద్ధం ఆడి ఉంటే పిల్ల గెలుస్తుండె, నేను నా లెక్క పవిత్రత పట్టుకొని కూసున్ననా అని నన్ను నేనే తిట్టుకున్న. తిట్టుకున్నా, మల్ల అడిగితే గదే చెప్తుంటి. దానికి నా దగ్గర సాకు లేదు, నేను గంతే.

గురుకులంల చేరే గడువు దగ్గర పడ్డది. నేను ఆశ ఇడిసిపెట్టిన. ఒక సాయంత్రం బస్టాండు దిక్కు నడుస్తుంటే రేకు సామాన్ల దుకానం ముంగట గంగమణి గొంతు యినపడ్డది. దుకానపాయనతోని బేరం చేస్తుంది. పక్కన రజిత. ముంగట రెండు సందుగలు, హాస్టల్ పిల్లలు బట్టలు పెట్టుకునే పెట్టెలు, ఒకటి పల్చటి రేకుది, ఒకటి మందంది, తాళం పట్టీ ఉన్నది.

నేను పోయి నిలబడ్డ. గంగమణి నన్ను చూసి సిగ్గుపడలే, నవ్వలే. మందం సందుగ మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టి చూసింది.

"మీరు నా లెక్క తప్పంటరనుకున్న టీచర్" అన్నది. "తప్పంటే, ఈమె కూడ అందరి తీరుగ మాటలు చెప్పి పిల్లను పంపిస్తుంది అనుకుందును. పంపకపోదును."

"మరి ఇప్పుడు?" అన్న.

రజిత నడుమల దూరింది. "అవ్వా, గా పల్చటిది సాలు, ఇది పిరం."

"నువ్వు ఊకో" అని పిల్లను గదిమి గంగమణి నా దిక్కు తిరిగింది. "ఇంట్ల ఉంటేనే అగ్గువ, నాకెరుక. మీకెరుక. దీనిక్కూడ ఎరుకే. పుట్టినకాడికెల్లి అగ్గువదే కొన్న టీచర్, అగ్గువ నూక, అగ్గువ చీర, అగ్గువ మందుగోలి. ఒక్కసారన్న పిరంది కొనద్దా నేను?"

గంగమణి కొంగు ముడి ఇప్పి దుకానపాయన చేతిల పైసలు పెట్టింది. రజిత సందుగకు ఒక దిక్కు పట్టుకున్నది, నేను ఒక దిక్కు పట్టుకున్న.